బీటీఐ పొడి రివ్యూ: దోమను డ్రమ్ములో ఉండగానే పట్టే మందు

ఎరువుల కొట్టులో “బీటీ ఉందాండీ?” అని అడిగితే చాలు, పత్తి విత్తనాల ప్యాకెట్టు వచ్చి కౌంటరు మీద పడుతుంది. “విత్తనం కాదండీ, మందు” అంటే ఈసారి అరలోంచి శనగపచ్చ పురుగుకు కొట్టే డబ్బా దిగుతుంది. అదీ బీటీయే, అదీ సహజమైనదే. కానీ దోమ దాన్ని లెక్కచేయదు. పత్తి పండే జిల్లాల్లో ఈ పొరపాటు మరీ ఎక్కువ. అందుకే రివ్యూ మొదలుపెట్టే ముందే ఒక మాట: లేబుల్ మీద ‘బాసిల్లస్ తురింజెన్సిస్’ అన్న పేరు వెనకాల మూడో పదం చదవండి. అది ‘కుర్‌స్టాకీ’ అయితే గొంగళిపురుగుల మందు, చేనుకు పనికొస్తుంది. ‘ఇజ్రాయిలెన్సిస్’ అయితే దోమ లార్వాల, అంటే గుడ్డులోంచి వచ్చి నీళ్లలో ఈదే దోమ పిల్లల మందు. మనకు కావాల్సింది ఈ రెండోది. పొట్టిగా బీటీఐ.

ఆ పేరు ఊరికే రాలేదు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, చచ్చిన లార్వాలతో నిండిన ఒక నీటిగుంటలో ఈ బాక్టీరియా దొరికింది. మన దేశంలో పుదుచ్చేరిలోని వీసీఆర్‌సీ, అంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద దోమల మీద పనిచేసే పరిశోధన కేంద్రం, బీ-17 అనే సొంత రకాన్ని తయారుచేసి ఆ పరిజ్ఞానాన్ని కంపెనీలకు ఇచ్చింది. మార్కెట్లో పొడిగానూ, చిక్కటి ద్రవంగానూ, గుళికలుగానూ దొరుకుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ‘మస్కిటో డంక్స్’ అనే గారెలాంటి బిళ్లలు తెలిసే ఉంటాయి. గారె మధ్యలో చిల్లుతో సహా అదే ఆకారం. ఒక్కో బిళ్ల 100 చదరపు అడుగుల నీటి వైశాల్యానికి 30 రోజులు వస్తుందని దాని లేబుల్ చెబుతుంది. లోపలున్నది ఇదే బీటీఐ.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ ఫెయిలవుతుందో కూడా తెలుస్తుంది. లార్వా నీళ్లలోని నలుసుల్ని వడగట్టుకుని తింటుంది. వాటితోపాటు ఈ బాక్టీరియా తయారుచేసిన ప్రోటీను స్ఫటికాలూ లోపలికి పోతాయి. లార్వా పేగులో క్షారగుణం ఎక్కువ. ఆ క్షారంలో స్ఫటికం కరిగి విషమై, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం. చేపలకు, పశువులకు, తేనెటీగలకు కూడా దీనితో ప్రమాదం లేదు. దోమకు దగ్గర చుట్టాలైన కొన్ని చిన్న ఈగలకు మాత్రం తగులుతుంది. అంటే ఇది ముట్టుకుంటే చంపే మందు కాదు, తింటేనే చంపే మందు. ఇక్కడినుంచి చెప్పేదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

గాజు గ్లాసులో పరీక్ష

కొన్న మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. రెండు గాజు గ్లాసులు చాలు. వాడుక నీళ్ల డ్రమ్ములోంచి లార్వాలున్న నీళ్లు రెండింట్లోనూ సమానంగా పోయండి. ఒకదాంట్లో చిటికెలో పదోవంతు పొడి కలపండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. రెండిటి మీదా పలచటి గుడ్డ కట్టండి. లేకపోతే ఇంట్లోనే దోమల్ని పెంచినట్టవుతుంది.

మొదట్లో రెండు గ్లాసుల్లోనూ ఒకటే సందడి. నీడ పడగానే లార్వాలు మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి, కాసేపాగి తోక పైకి పెట్టి ఊపిరి కోసం మళ్లీ పైకొస్తాయి. మందు కలిపిన గ్లాసులో కొన్ని గంటల్లోనే ఆ చురుకు తగ్గుతుంది. చేయి ఆడించినా దిగవు, దిగినవి పైకి రావు. మర్నాటికి అడుగున తెల్లటి పోగుల్లా పడి ఉంటాయి. అయితే అదే గ్లాసులో కామా ఆకారంలో, తల పెద్దగా, తోక ముడుచుకుని ఉన్నవి కొన్ని మాత్రం నిక్షేపంగా ఎగిరెగిరి ఆడుతుంటాయి. అవి ప్యూపాలు, అంటే లార్వా దోమగా మారే ముందు దశ. ప్యూపా ఏమీ తినదు, కాబట్టి మందు దాని కడుపులోకి పోదు. ప్యూపాగా మారబోయే ముందు లార్వా కూడా తిండి మానేస్తుంది. మరో రెండు రోజుల్లో అవన్నీ రెక్కలు విప్పుకుని గుడ్డకింద వాలతాయి.

“మందు వేసినా దోమలు వస్తున్నాయండీ, మోసం” అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. మందు వేసిన రోజుకే ప్యూపాలైనవి ఉంటే వాటికి మందు లేదు, ఆ నీళ్లు ఎండలో మట్టి మీద పారబోయడమే. మర్నాటికి రెండు గ్లాసుల్లోనూ లార్వాలు ఒకేలా ఆడుతుంటే అప్పుడు తప్పు సరుకుది. పాతబడిందో, ఎండలో మగ్గిందో అయ్యుంటుంది.

మోతాదు

తొట్లు, డ్రమ్ముల్లాంటి పాత్రల్లో వాడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది లీటరు నీటికి 1 నుంచి 5 మిల్లీగ్రాములు. అది బలమైన గుళికల రకానికి వేసిన లెక్క. మన దగ్గర దొరికే సరుకు బలం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, లేబుల్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

చిక్కల్లా ఇంత తక్కువ పొడిని తూచడంలో ఉంది. 200 లీటర్ల డ్రమ్ముకు లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన పడేది 1 గ్రాము. వంటింటి త్రాసు దీన్ని పట్టదు. తేలిక మార్గం: 10 గ్రాముల పొడిని 1 లీటరు నీళ్లలో బాగా గిలక్కొట్టండి. ఇప్పుడు ప్రతి మిల్లీలీటరులోనూ 10 మిల్లీగ్రాములున్నట్టు. 200 లీటర్ల డ్రమ్ముకు ఇందులోంచి 100 మిల్లీలీటర్లు, 40 లీటర్ల కూలరు ట్యాంకుకు 20, 10 లీటర్ల తామర తొట్టికి 5. చిన్నపిల్లల దగ్గుమందు సీసా మూత చాలు కొలవడానికి. ఆ తర్వాత ఆ మూత మళ్లీ దగ్గుమందుకు వాడకండి. కలిపిన నీళ్లు ఆ రోజే వాడేయాలి, మిగిలితే కాలువలో పోయాలి. రేపటికి దాచిన నీళ్లలో బలం పడిపోతుంది. పొయ్యేటప్పుడు ప్రతిసారీ సీసా ఊపాలి, లేకపోతే పొడి అడుగున ఉండి పైనున్న నీళ్లే పడతాయి.

మురికిగుంట, ఖాళీ ప్లాటులో నిలిచిన వాన నీళ్ల లాంటి చోట్ల లెక్క లీటర్లలో కాదు, నీటి పై వైశాల్యంతో. నీళ్లలో కలిపి కొట్టే పొడి (వెటబుల్ పౌడర్) రకం సుమారుగా హెక్టారుకు 5 కిలోలు, అంటే చదరపు మీటరుకు అర గ్రాము. నీరు మురికైన కొద్దీ మోతాదు పెంచమని లేబుల్ మీదే ఉంటుంది. చేనుకు మందు కొట్టే వీపు స్ప్రేయరు దీనికి సరిపోతుంది. కానీ నిన్నటిదాకా కలుపుమందు కొట్టిన స్ప్రేయరయితే మూడుసార్లు కడిగాకే వాడండి.

తాగునీళ్ల సంగతి వేరుగా చెప్పాలి. తాగే నీటిలో వాడవచ్చని లేబుల్ మీద స్పష్టంగా రాసిన రకం తప్ప ఇంకేదీ తాగే నీళ్లలో వేయకూడదు. బాక్టీరియా భయంతో కాదు. దాన్ని కలపడానికి వాడిన మిగతా సరుకులేమిటో లేబుల్ చెప్పదు కాబట్టి. నిజానికి తాగునీటి బిందెకు, డ్రమ్ముకు మందు ఆలోచనే దండగ. బిగుతైన మూతో, అంచు చుట్టూ తాడుతో కట్టిన తెల్ల గుడ్డో చాలు.

ఎక్కడ బాగా పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

డెంగీని మోసే ఏడిస్ దోమ, కాళ్ల మీద తెల్లచారలున్న నల్లది, పగలు కుడుతుంది. పొద్దెక్కాక ఓ రెండు గంటలు, మళ్లీ పొద్దుగూకే ముందు దాని జోరు. ఇది ఎక్కువ దూరం పోదు, సాధారణంగా 400 మీటర్ల లోపే. కాబట్టి ఇంట్లో పగలు కుట్టిన దోమ మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో, ఎదురింటి మేడమీదో పుట్టిందే. కార్పొరేషన్ మురికికాలువను తిట్టి లాభం లేదు, అది అక్కడ గుడ్లు పెట్టదు. దానికి కావాల్సింది మన వాడుకలో ఉండే తేటనీళ్లు: వాడుక నీళ్ల డ్రమ్ము, సిమెంటు గోలెం, కూలరు, మనీప్లాంటు సీసా, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, రోలు, కొబ్బరి బోండాల చిప్పలు, ఫ్రిజ్ వెనక కంప్రెసరు మీదుండే ట్రే. ఇదిగో, ఈ ఆఖరిది చాలామంది ఇళ్లలో కొన్ననాటినుంచి ఎవరూ తీసి చూడనిది. వంటింటి అలమర కాళ్లకింద చీమలు ఎక్కకుండా నీళ్లు పోసి పెట్టే గిన్నెలూ అంతే. వాటిలో నీళ్లకు బదులు ఉప్పు నీళ్లు పోస్తే ఆ సమస్యే ఉండదు.

ఈ పాత్రలన్నిటికీ బీటీఐ అద్భుతం అనొచ్చు. నీళ్లు నిలకడగా, తేటగా, నీడలో ఉంటాయి. అయితే ఏడిస్ గుడ్డు ఉంది చూడండి, దాని దగ్గర మందు తల వంచాల్సిందే. నీటిమట్టానికి కాస్త పైన, డ్రమ్ము గోడకు అతుక్కుని, నల్లటి నుసిలా ఉంటుంది. ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. డ్రమ్ము ఎండబెట్టినా నెలల తరబడి చావదు, మళ్లీ నీళ్లు ఆ గీత దాటి పైకి రాగానే పగులుతుంది. గుడ్డు తినదు కాబట్టి బీటీఐ దాన్ని తాకలేదు. కాబట్టి పనుల వరస ఇలా ఉండాలి: ముందు డ్రమ్ము ఖాళీ చేయాలి, కొబ్బరిపీచుతో గోడను, ముఖ్యంగా నీటిగీత పడిన చోటును గట్టిగా రుద్దాలి, కడిగిన నీళ్లు మట్టి మీద పారబోయాలి, తర్వాత నింపాలి, చివర్లో మందు వేయాలి. రుద్దకుండా మందొక్కటే వేస్తే వారం వారం కొత్త లార్వాలు పుడుతూనే ఉంటాయి, మందు ఖర్చవుతూనే ఉంటుంది.

వారం అన్న లెక్క కూడా ఊరికే పెట్టింది కాదు. మన ఎండకు గుడ్డునుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. ఆంధ్రలో శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ పారబోసే రోజు అన్నా, తెలంగాణలో 2020లో మొదలుపెట్టిన ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అన్నా ఆ చక్రాన్ని మధ్యలో తెంచడానికే. బీటీఐ ప్రభావం కూడా కొద్ది రోజులనుంచి ఒకటి రెండు వారాల దాకానే. ఎండ తగిలితే స్ఫటికం చెడుతుంది. నీళ్లు వాడుకుని మళ్లీ నింపితే పలచబడుతుంది. రోజూ సగం ఖాళీ చేసి నింపే డ్రమ్ములో వేసిన మోతాదు నాలుగుసార్లు నింపేసరికి పదహారో వంతు. కాబట్టి అలాంటి డ్రమ్ముకు మూతే నయం.

రాత్రి చెవిదగ్గర పాడే క్యూలెక్స్ కథ వేరు. అది మురికి నీటి దోమ. కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో వందా రెండొందల గుడ్లను తెప్పలా కట్టి నీటిమీద వదులుతుంది. ఏడిస్‌లా ఇంటి చుట్టుపక్కలే ఉండదు, కిలోమీటరు దాటి కూడా వస్తుంది. మురికి నీళ్లలో బీటీఐకి రెండు కష్టాలు. ఒకటి, లార్వాకు తినడానికి మందుకంటే మురికే ఎక్కువ దొరుకుతుంది. రెండు, పొడి బురదకు అంటుకుని అడుక్కి దిగిపోతుంది. మోతాదు పెంచి, వారానికోసారి కొడితే ఫలితం ఉంటుంది గానీ ఒక ఇంటివాళ్లు చేసే పని కాదు అది, కాలనీ మొత్తం చేయాలి. మురికి నీటికి దీని చెల్లెలు లాంటి బాసిల్లస్ స్ఫేరికస్ మెరుగు, ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని కొడుతూ పోతే దోమ నేర్చుకుంటుంది. కొచ్చిలో క్యూలెక్స్ లార్వాలు దానికి లొంగడం మానేశాయని 1990లలోనే బయటపడింది. ఏడిస్‌కు అది పెద్దగా పనిచేయదు కూడా.

సెప్టిక్ ట్యాంకుకైతే మందుకంటే ముందు గాలిగొట్టం చూడండి. మేడమీద ఒంటరిగా నిలబడి ఉండే ఆ పీవీసీ పైపు నోరు తెరుచుకుని ఉంటే సాయంత్రం అందులోంచి దోమలు పొగలా లేస్తాయి. నైలాన్ జాలీ ముక్క రెండు మడతలు వేసి, ప్లాస్టిక్ టై గాని, రాగి తీగ గాని బిగిస్తే పని అయిపోతుంది. ఇనుప జాలీ వద్దు, ట్యాంకు వాయువుకు తుప్పుపట్టి చిరుగుతుంది. ట్యాంకు మూత అంచుల్లోని పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. ఈ రెండూ చేస్తే సెప్టిక్ ట్యాంకులో పుట్టినవి అక్కడే చస్తాయి. ఖర్చు దాదాపు సున్నా. అయినా పది ఇళ్లు చూస్తే తొమ్మిదింట జాలీ ఉండదు.

మూడోది మలేరియా దోమ అనాఫిలిస్. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూసింది ఈ దోమ కడుపులోనే. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. పట్టణాల్లో అనాఫిలిస్ స్టీఫెన్సీ ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో గుడ్లు పెడుతుంది. దాని లార్వాకు ఊపిరిగొట్టం ఉండదు, నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకుని పైపైనే తింటుంది. అడుక్కి దిగిపోయే పొడి దానికి సగమే అందుతుంది. ట్యాంకుకు సరిగ్గా కూర్చునే మూత, పొంగుగొట్టం నోటికి జాలీ, అంతే. మూత ఉంది కదా అనుకుంటాం గానీ, పైపు వెళ్లడానికి మూతలో కోసిన కంత ఎవరూ పట్టించుకోరు. దోమకు ఆ కంత సింహద్వారం.

చేపలతో పోలిస్తే

మందు ప్రతి వారం వేయాలి, చేపను ఒకసారి వదిలితే చాలు. ఆ లెక్కన లార్వాలను తినే గంబూజియా చేప చౌక. ఎదిగిన చేప రోజుకు 100 నుంచి 300 లార్వాల దాకా తింటుంది. గప్పీ అయితే 80 నుంచి 100. గప్పీ మురికిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. వాడని బావులు, పశువుల కుడితి తొట్లు, తామర తొట్లు, ఫౌంటెన్లు వీటికి తగిన చోట్లు. కాలువలాంటి చోట పొడవున మీటరుకు 5 నుంచి 10 చేపలు వదలాలి.

తెచ్చేటప్పుడు చేసే తప్పులే చేపల్ని చంపుతాయి. సంచీ విప్పి ఒక్కసారిగా పోసేయకూడదు. సంచీతో సహా 15, 20 నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక కొద్దికొద్దిగా ఆ నీళ్లు సంచీలోకి పోసి, తర్వాత వదలాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు ఆరుబయట నిలవనివ్వాలి. ఎండలో తీసుకురాకూడదు, తెల్లవారుజామునో సాయంత్రమో తేవాలి. గట్టున పెరిగిన నాచు, తుంగ తీసేయాలి, లేకపోతే లార్వాలు వాటి మధ్య దాక్కుంటాయి, చేప మూతి అక్కడికి పోదు. మరమరాలు, బిస్కెట్ల పొడి వేసి ముద్దు చేయకండి. కడుపు నిండిన చేప లార్వాను చూసి పక్కకు తప్పుకుంటుంది.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక. గంబూజియా మన చేప కాదు, 1928లో ఇటలీనుంచి వచ్చింది. లార్వాలతో పాటు కప్ప గుడ్లనూ, నాటు చేపల పిల్లలనూ తినేస్తుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల జాబితాలో దాని పేరుంది. కాబట్టి చెరువులో, వాగులో, వరదొస్తే వాగులోకి కలిసే గుంటలో దాన్ని వదలకూడదు. గోడలున్న తొట్టి, బావి వరకే. చెరువుల్లో నెత్తిమీద వెండిచుక్కతో నీటి పైపైన తిరిగే మన చిన్న చేప ఇదే పని ఎప్పటినుంచో చేస్తోంది, దాన్ని ఉండనిస్తే చాలు. తామర తొట్టిలో బీటీఐ, చేప రెండూ కలిసి ఉండవచ్చు, మందు చేపకు ఏమీ చేయదు. కానీ రెండూ అక్కర్లేదు.

కిటికీ జాలీ

బీటీఐ రేపటి దోమను ఆపుతుంది. ఈ రాత్రి లోపలికి వచ్చేదాన్ని ఆపేది జాలీయే. అంగుళానికి 18 కళ్లు ఒకవైపు, 16 మరోవైపు ఉన్న 18×16 రకం దోమకు సరిపోతుంది. కొట్టువాడు ‘ఫైన్ క్వాలిటీ’ అని ఇంకా సన్నది చూపిస్తే దోమ విషయంలో లాభం లేదు, గాలి మాత్రం తగ్గుతుంది. మన ఉక్కపోతకు అది నష్టమే.

వెల్‌క్రో అతికించే జాలీ చౌక గానీ, పడమటి ఎండ తగిలే కిటికీకి ఒక వేసవిలోనే జిగురు కరిగి ఊడుతుంది. సున్నం వేసిన గోడకైతే జాలీతో పాటు సున్నం పెచ్చు కూడా వస్తుంది. అతికించేముందు ఫ్రేమును స్పిరిట్‌తో తుడిచి, పట్టీ అంటించి ఒక రోజు వదిలి, ఆ తర్వాత జాలీ తగిలిస్తే ఎక్కువ కాలం ఉంటుంది. స్లైడింగ్ కిటికీల్లో దోమ వచ్చే దారి జాలీలోంచి కాదు, రెండు తలుపుల మధ్య అరిగిపోయిన ఉన్ని పట్టీలోంచి. ఆ పట్టీ మీటర్ల లెక్కన దొరుకుతుంది, మార్చుకోవడం పది నిమిషాల పని. యూపీవీసీ ఫ్రేము కింద వాన నీళ్లు పోవడానికి పెట్టిన కంతలు, బాత్‌రూములో గాజు పలకల వెంటిలేటరు, వంటింటి ఎగ్జాస్టు ఫ్యాను కంత, తలుపు కింద సందు... ఇవన్నీ వదిలేసి హాలు కిటికీకి మాత్రం ఖరీదైన జాలీ పెట్టిన ఇళ్లే ఎక్కువ.

మిగతా సరుకు, గబగబా

ప్లగ్గులో పెట్టే అల్ట్రాసోనిక్ పరికరం కొనకండి. పది క్షేత్ర పరీక్షల్ని ఒకచోట చేర్చి చూసిన సమీక్షలో, పరికరం ఉన్నా లేకపోయినా వాలే దోమల సంఖ్యలో తేడా లేదని తేలింది. నీలం లైటు యంత్రం టపటపమని చప్పుడు చేస్తుంది, అది చంపేది ఎక్కువగా దోమల్ని కాదు. అమెరికాలోని డెలావేర్‌లో ఆరుబయట పెట్టి లెక్కపెడితే చచ్చిన 13,789 పురుగుల్లో కుట్టేవి 31. దోమ వెతికేది వెలుగును కాదు, మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని, చెమట వాసనను.

తులసి, నిమ్మగడ్డి కుండీలు బాల్కనీలో పెడితే అందం. ఆకు నలపకుండా ఊరికే ఉన్న మొక్క దోమను తరమదు, కుండీ కింద పళ్లెంలో నీళ్లుంటే దోమను పెంచుతుంది. సిట్రొనెల్లా నూనె వాసన గంటా రెండు గంటల్లో పోతుంది. లెమన్ యూకలిప్టస్ నూనెతో చేసినవి ఎక్కువసేపు నిలుస్తాయి, అయితే మూడేళ్లలోపు పిల్లలకు రాయకూడదు. కొబ్బరినూనెలో వేపనూనె 2 శాతం, అంటే 98 మిల్లీలీటర్లకు 2, కలిపి రాసుకోవడం మలేరియా దోమకు బాగానే పనిచేస్తుంది. పగటి ఏడిస్‌కు అంత నమ్మకం లేదు, పైగా ఆ వాసనతో ఆఫీసుకు వెళ్లలేం.

‘హెర్బల్’ అని రాసినంత మాత్రాన కాయిల్ పొగ మారదు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని కొలిచారు. వేపాకు పొగ, సాంబ్రాణి పొగ కూడా దోమను కాసేపు బయటికి తోలతాయి. ఊపిరితిత్తులకు మాత్రం పొగ పొగే. గది తలుపులేసి వేయడం అసలు వద్దు.

సీలింగు ఫ్యానును ఎవరూ దోమల సరుకుగా లెక్కించరు గానీ లెక్కించాలి. దోమ బలహీనంగా ఎగిరే జీవి, గట్టి గాలికి ఎదురీదలేదు. మంచం మీద పడేలా టేబుల్ ఫ్యాను కింది ఎత్తులో పెట్టుకుంటే కాళ్ల దగ్గర కుట్టడం బాగా తగ్గుతుంది. మన ఊపిరిని గది నలుమూలలకూ చెదరగొట్టి, దోమకు జాడ దొరక్కుండా చేసేదీ ఆ గాలే.

వీధిలోకి దోమల మందు పొగ కొట్టే (ఫాగింగ్) బండి వస్తే కిటికీలు మూసుకోవడం మన అలవాటు. బయట ఎగురుతున్న దోమ చస్తుంది, మంచం కింద, బీరువా వెనక, వేలాడే చొక్కాల మడతల్లో కూర్చున్న ఏడిస్ బతికిపోతుంది. డ్రమ్ములోని లార్వా సంగతి సరేసరి, పొగ దాన్ని తాకదు.

కొనేటప్పుడు

బీటీఐకి మా మార్కులు: డ్రమ్ములు, గోలేలు, కూలర్లు, సెల్లారులో నిలిచిన నీళ్లు, లిఫ్టు గుంట, కొత్త కట్టడాల్లో క్యూరింగ్ కోసం స్లాబు మీద కట్టిన నీళ్ల మడుల వంటివాటికి 5కి 4. మురికికాలువకు 2. రోజూ మారే నీళ్లకు, మూత పెట్టగలిగిన దేనికైనా సున్నా, ఎందుకంటే అక్కడ మూతే కొనాలి.

పెద్ద ప్యాకెట్టు చౌకగా వస్తుందని తీసుకోకండి. ఒక ఇంటికి ఏడాదికి పట్టేది కొద్ది పొడే, మిగిలింది తేమ పట్టి గడ్డకడుతుంది. గడ్డకట్టిన పొడి నీళ్లలో కలవక అడుక్కి రాయిలా దిగుతుంది. అపార్టుమెంటు అసోసియేషను తరఫున ఒకటే కొని పంచుకుంటే సరిగ్గా సరిపోతుంది. రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. కొట్టులో ఎండ పడే అద్దాల అరలో పెట్టిన డబ్బా వద్దని చెప్పి, లోపలి గోదాములోది అడగండి. ద్రవ రకమైతే సీసా ఊపితే అడుగున పేరుకున్నది పూర్తిగా కలవాలి. అడుగున పెరుగులా కదలకుండా ఉంటే తిరిగి ఇచ్చేయండి. విప్పిన ప్యాకెట్టును గాలి చొరని డబ్బాలో, చీకట్లో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టి, డబ్బా మీద పేరు రాయండి. లేతరంగు పొడి, వంటింట్లో ఉంటే మైదా అనుకుంటారు. కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. విషమని కాదు, సన్నటి పొడి ఏదైనా ముక్కులోకి పోతే దగ్గు, కళ్లలో పడితే మంట.